స్పానిష్ లెక్కకు తెలుగు దారి

స్పానిష్ భాషలో సున్న నుంచి వంద కోట్ల లోపు ఏ సంఖ్యను చెప్పాలన్నా విడిగా నేర్చుకోవలసిన మాటలు ముప్పై కూడా నిండవు. సున్న మొదలు పదిహేను వరకు పదహారు మాటలు, ఇరవై నుంచి తొంభై వరకు పదులకు ఎనిమిది, ఆపైన నూరు, ఐదు నూర్లు, వెయ్యి, పది లక్షలు అనే నాలుగింటికి ఒక్కొక్కటి, వెరసి 28. మిగిలిన సంఖ్యలన్నీ వీటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చగా వచ్చేవే. సరంజామా ఇంత తక్కువే అయినా, ఆ భాష నేర్చుకునేవారిని చాలాకాలం వదలని తడబాటు ఇక్కడే ఉంటుంది. ఎందుకంటే ఒక మాట మరచిపోతే మరో మాటతో నెట్టుకురావచ్చు గాని, అంగడిలో చెప్పిన ధరకు గాని, రైల్వే స్టేషన్లో వినిపించిన ప్లాట్‌ఫారం నంబరుకు గాని బదులు మాట ఉండదు. పైగా లెక్క మనిషికి మాతృభాషతో పాటు ఒంటబట్టే విద్య. ఏళ్ల తరబడి పరాయి దేశంలో ఉండి, అక్కడి భాషలోనే బతుకు సాగించేవారు సైతం చిల్లర లెక్కపెట్టేటప్పుడు మాత్రం పెదవుల కింద సొంత భాషలోనే లెక్కించుకోవడం అందరూ ఎరిగినదే.

స్పెయిన్‌తో పాటు మెక్సికో నుంచి చిలీ, అర్జెంటీనాల వరకు, ఆఫ్రికాలో ఈక్వటోరియల్ గినీతో కలిపి, ఇరవై దేశాల్లో ప్రభుత్వ వ్యవహారాలు స్పానిష్‌లో నడుస్తాయి. అమెరికా బడుల్లో ఎక్కువమంది పిల్లలు ఎంచుకునే విదేశీ భాష అదే కావడం వల్ల అక్కడ పెరిగే తెలుగు పిల్లలలో చాలామందికి ఆ అంకెలతో పరిచయం ఏర్పడుతోంది. హైదరాబాదులోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో కూడా ఆ భాషను బోధిస్తున్నారు. ఇక్కడైనా అక్కడైనా పాఠం సాధారణంగా ఇంగ్లిషు మీదుగానే సాగుతుంది: స్పానిష్ మాటకు ఇంగ్లిషు మాట, ఆ ఇంగ్లిషు మాటకు మనసులో తెలుగు మాట. సంఖ్యల వరకు ఈ చుట్టుదారి అనవసరం మాత్రమే కాదు, కొన్నిచోట్ల తప్పుదారి కూడా. ఇంగ్లిషులో లేని పద్ధతులు స్పానిష్‌లో ఉన్నచోట, అచ్చంగా అవే పద్ధతులు తెలుగులో ఉండడం తరచుగా కనిపిస్తుంది.

మొదట ఉచ్చారణ సంగతి. ఒకటి నుంచి పది వరకు స్పానిష్ అంకెలను తెలుగు లిపిలో ఊనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో, సేయిస్, స్యేతే, ఓచో, న్వేబే, ద్యేస్ అని రాయవచ్చు, సున్న సేరో. ఈ పదింటిలో వినిపించే త, ద లు తెలుగు త, ద ల వలెనే దంత్యాలు, అంటే నాలుక కొన పైపళ్లను తాకగా పుట్టే ధ్వనులు. ఇంగ్లిషు మాతృభాషగా గలవారు వీటిని ట, డ లకు దగ్గరగా పలికి తంటాలు పడుతుండగా, తెలుగువారు 'త్రేస్' అన్నప్పుడు వేరే సాధన అక్కరలేకుండానే సరైన చోటు తగులుతుంది. ఇంగ్లిషులో వ కారానికి వాడే అక్షరాన్ని స్పానిష్‌లో బ వలె పలుకుతారు కాబట్టి తొమ్మిది న్వేబే అవుతుంది, ఇరవై బేయింతే అవుతుంది.

అయితే తెలుగు నాలుకకు ఒక అలవాటు ఉంది. హల్లుతో ముగిసే పరభాషా పదానికి చివర అచ్చు చేర్చి బస్సు, కారు, రోడ్డు అన్నట్టుగా పలకడం ఆ అలవాటు. ఇది దోస్ విషయంలో ప్రమాదకరం. స్పానిష్‌లో దోస్ అంటే రెండు, దోసే అంటే పన్నెండు. త్రేస్ అంటే మూడు, త్రేసే అంటే పదమూడు. లాటిన్ అమెరికా ఉచ్చారణలో ఈ జంటల మధ్య ఉన్న తేడా అంతా చివరి అచ్చే గనుక, 'దోసు' అని సాగదీసినవారికి అంగడివాడు రెండుకు బదులు పన్నెండు కట్టి ఇచ్చినా తప్పు పట్టడానికి లేదు. స్పెయిన్‌లో అధిక భాగాన దోసే, త్రేసేలలోని స ధ్వనిని నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి ఊదినట్టు పలుకుతారు కాబట్టి అక్కడ ఈ చిక్కు కొంత తగ్గుతుంది. తెలుగు చెవికి పన్నెండు ఎప్పుడూ పెనం మీది దోసెలాగే వినిపిస్తుంది. నేర్చుకునేవారికి ఇంతకన్నా సులువైన ఆనవాలు మరొకటి దొరకదు.

పదకొండు నుంచి పదిహేను వరకు ఓన్సే, దోసే, త్రేసే, కతోర్సే, కిన్సే అనే మాటలు లాటిన్ సమాసాల నుంచి అరిగి వచ్చినవి. లాటిన్‌లో పదకొండును ఉందెకిమ్ అంటారు. అందులో ముందు ఒకటి, వెనక పది. ఆ వెనకటి 'దెకిమ్' శతాబ్దాల వాడుకలో అరిగి చివరి 'సే'గా మిగిలింది. పదహారు దగ్గర స్పానిష్ ఈ వరుసను తిరగవేసి పదిని ముందుకు తెచ్చింది: ద్యేసిసేయిస్ అంటే 'పదీ ఆరూ', ద్యేసిస్యేతే 'పదీ ఏడూ', ద్యేసియోచో, ద్యేసిన్వేబే కూడా ఇంతే. పదకొండు నుంచి పంతొమ్మిది వరకు అన్నింటా పదినే ముందుంచే తెలుగుకు ఈ పద్ధతి సుపరిచితం. లాటిన్‌లో పద్ధెనిమిదికి, పంతొమ్మిదికి 'ఇరవైకి రెండు తక్కువ', 'ఇరవైకి ఒకటి తక్కువ' అనే మాటలు ఉండేవి. స్పానిష్ వాటిని వదిలేసింది, వదిలేయడం మంచిదే అయింది. ప్రస్తావవశాన చెప్పదగినది ఇంకొకటి: 1938లో ఏర్పడిన స్పెయిన్ జాతీయ అంధుల సంస్థ పేరులోని తొలి అక్షరాలు కలిస్తే ఓన్సే అవుతుంది కాబట్టి, ఆ సంస్థ లాటరీ చీటీలు అమ్మే వీధుల్లో దాని పేరూ పదకొండు అంకె పేరూ ఒకటిగానే వినిపిస్తాయి.

ఇరవై తరువాత పదుల పేర్లు త్రేయింతా, క్వారెంతా, సింక్వెంతా, సెసెంతా, సెతెంతా, ఓచెంతా, నోబెంతా. ఇరవై ఒకటి నుంచి ఇరవై తొమ్మిది వరకు రెండు భాగాలూ అతుక్కుని బేయింతియూనో, బేయింతిదోస్ అని ఒకే మాటగా నిలుస్తాయి. ముప్పై ఒకటి నుంచి 'త్రేయింతా ఇ ఊనో' అని విడివిడిగా రాస్తారు. నడుమ ఉన్న 'ఇ' అనే సముచ్చయ పదానికి, అంటే రెండింటిని కలిపే పదానికి, 'మరియు' అని అర్థం. అది పదులకు, ఒకట్లకు నడుమనే రావాలి గాని నూరు తరువాత రాకూడదు; నూట ఐదును 'స్యేంతో సింకో' అంటారే తప్ప నడుమ 'ఇ' పెట్టరు. ఇంగ్లిషు మీదుగా వచ్చినవారు బ్రిటిష్ అలవాటు కొద్దీ ఇక్కడ 'ఇ' చేర్చి తప్పుతారు. 'నూట ఐదు' అని నేరుగా ఆలోచించేవారికి ఆ తప్పు చేసే అవకాశమే రాదు.

ఏడు స్యేతే, డెబ్బై సెతెంతా, ఏడు వందలు సెతెస్యేంతోస్. తొమ్మిది న్వేబే, తొంభై నోబెంతా, తొమ్మిది వందలు నోబెస్యేంతోస్. కొత్తగా నేర్చుకునేవారు ఏడు వందలను 'స్యేతెస్యేంతోస్' అని అనేయడం మామూలే. దీని వెనక ఉన్న సూత్రం తెలిస్తే బట్టీ పట్టనక్కరలేదు. లాటిన్‌లో ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని గట్టిగా పలికే బలం, పడిన హ్రస్వ ఎకారం స్పానిష్‌లో 'యే'గా, ఒకారం 'వే'గా చీలాయి. ఊనిక లేనిచోట అవి చీలలేదు. సంఖ్య పొడవు పెరిగేకొద్దీ ఊనిక వెనక్కి జరుగుతుంది, మొదటి అచ్చు తన పాత రూపంలోనే ఉండిపోతుంది. మూడు ముప్పైలో 'ము'గా, నాలుగు నలభైలో 'న'గా, ఆరు అరవైలో 'అ'గా కుదించుకుపోవడం ఎరిగిన తెలుగువారికి, సమాసంలో చేరిన అంకె కొంత సన్నబడడం వింతగా తోచదు.

ఇక వ్యాకరణం. స్పానిష్‌లో ఒకటిని లెక్కగా చెబితే ఊనో. దాని వెంట పుంలింగ నామవాచకం వస్తే ఊన్. 'ఊన్ లీబ్రో' అంటే ఒక పుస్తకం. తెలుగులో లెక్కకు 'ఒకటి', నామవాచకం ముందు 'ఒక' అని వేరు చేసినట్టే ఇదీ. 'ఒకటి పుస్తకం' అనడం తెలుగు చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో, 'ఊనో లీబ్రో' అనడం స్పానిష్ చెవికి అంతే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇరవై ఒకటికీ, ముప్పై ఒకటికీ ఇదే నియమం.

నూరు దగ్గర పోలిక మరింత దగ్గరవుతుంది. స్పానిష్‌లో నూరుకు రెండు రూపాలు: వస్తువు పేరుకు ముందు, లేదా వెయ్యికి ముందు వస్తే స్యేన్, దాని వెంట మరో చిన్న సంఖ్య వస్తే స్యేంతో. నూరు పుస్తకాలు 'స్యేన్ లీబ్రోస్', నూట ఒకటి 'స్యేంతో ఊనో'. దీనిని పాఠ్యపుస్తకాలు మినహాయింపుగా చూపి విద్యార్థులను బెదరగొడతాయి గాని, తెలుగువారు ప్రతిరోజూ చేసే పని ఇదే. 'వంద రూపాయలు' అంటారు. కాని ఒకటి చేరగానే 'వంద ఒకటి' అనరు, 'నూట ఒకటి' అంటారు. అంతటితో ఆగదు. శాతం చెప్పేటప్పుడు స్పానిష్‌లో వాడేది పొడవాటి రూపమే: పది శాతం 'ద్యేస్ పోర్ స్యేంతో'. తెలుగు కూడా ఇక్కడ వందను పక్కన పెట్టి నూట రూపాన్నే అందుకుని 'నూటికి పది' అంటుంది. ఎక్కడో ఐరోపా చివర పుట్టిన భాషకూ, దక్కనులో పుట్టిన భాషకూ ఇందులో చుట్టరికం ఏమీ లేదు. లెక్కించే మనుషుల అవసరాలు ఒకటే కావడం వల్ల కుదిరిన సామ్యం ఇది.

తెలుగు దారి చూపని చోటు లింగం. తెలుగులో సంఖ్య మనుషులకు ఒక రకంగా, తక్కినవాటికి మరో రకంగా మారుతుంది. ఇద్దరు అక్కలు, రెండు ఆవులు. స్పానిష్‌లో మనుషులన్న విచక్షణ లేదు, ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి, బల్లకైనా పుస్తకానికైనా తప్పదు. ఒకటితో ముగిసే సంఖ్యలు ఆ లింగాన్ని అనుసరించి ఊన్, ఊనా అని మారాక, నూట తొంభై తొమ్మిది వరకు మిగిలినవేవీ మారవు. రెండు వందల దగ్గర లింగం మళ్లీ తల ఎత్తుతుంది. రెండు వందల నుంచి తొమ్మిది వందల వరకు వందలన్నీ పుంలింగంతో 'దోస్యేంతోస్' అన్నట్టు, స్త్రీలింగంతో 'దోస్యేంతాస్' అన్నట్టు ముగుస్తాయి. పెసో, యూరో పుంలింగాలు. భారతీయ రూపాయికి స్పానిష్ పేరైన 'రూపియా' స్త్రీలింగం. అందువల్ల ఐదు వందల పెసోలు 'కిన్యేంతోస్ పెసోస్' కాగా, ఐదు వందల రూపాయలు 'కిన్యేంతాస్ రూపియాస్'. మెక్సికోలో కూర్చుని హైదరాబాదు ధరలు చెప్పేవారు డబ్బుతో పాటు లింగాన్ని కూడా మార్చుకోవాలి. వెయ్యికి స్పానిష్ మాట అయిన 'మీల్'కు ఈ బాధ లేదు. అది ఎవరి ముందైనా మీలే.

అసలు చిక్కు పెద్ద సంఖ్యల వద్ద ఉంది, ఇంగ్లిషు దారి నష్టం తెచ్చేది కూడా అక్కడే. స్పానిష్ లెక్క వెయ్యి మీద, మియ్యోన్ మీద నడుస్తుంది; మియ్యోన్ అంటే పది లక్షలు. లక్షను 'స్యేన్ మీల్', నూరు వేలు అనాలి. కోటిని 'ద్యేస్ మియ్యోనెస్', పది మియ్యోన్లు అనాలి. వంద కోట్లకు, అంటే ఇంగ్లిషువారు నేడు బిలియన్ అనేదానికి, స్పానిష్‌లో ఒంటి పేరు వాడుకలో లేదు. దానిని 'మీల్ మియ్యోనెస్', వేయి మియ్యోన్లు అంటారు. భారత జనాభా నూట నలభై కోట్లు దాటిందని చెప్పడానికి 'మీల్ క్వాత్రోస్యేంతోస్ మియ్యోనెస్' అనాలి. అయితే చూడ్డానికి బిలియన్ వలె కనిపించే 'బియ్యోన్' అనే మాట స్పానిష్‌లో ఉంది. దాని విలువ మియ్యోన్ మియ్యోన్లు, ఒకటి పక్కన పన్నెండు సున్నలు. ఇంగ్లిషు పత్రికలో బిలియన్ అని ఉన్నదాన్ని బియ్యోన్‌గా మార్చిన అనువాదకుడు సంఖ్యను వేయి రెట్లు పెంచేసినట్టే. ఇక్కడ కూడా తెలుగే తోడు వస్తుంది. స్పానిష్ బియ్యోన్ విలువ సరిగ్గా లక్ష కోట్లు. బడ్జెట్ వార్తల్లో రోజూ లక్ష కోట్లు వినే తెలుగు శ్రోతకు బియ్యోన్ ఎంతో ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లిషు శ్రోత మాత్రం తన బిలియన్‌ను మరచిపోతే గాని దానిని తెలుసుకోలేడు. వంద కోట్లకు ఒకే మాట ఉంటే బాగుంటుందని వెనిజులా అధ్యక్షుడు రఫాయెల్ కాల్దేరా సూచించగా, స్పానిష్ రాయల్ అకాడమీ 1995లో 'మియ్యార్దో' అనే మాటను అంగీకరించింది. కాని వాడుకరులు ఇప్పటికీ ఎక్కువగా వేయి మియ్యోన్లనే పట్టుకుని ఉన్నారు. అకాడమీ తలుపు తెరిచినంత మాత్రాన మాట జనం నోట్లోకి రాదు.

మియ్యోన్ నామవాచకం కాబట్టి వస్తువుకు ముందు 'దె' అనే సంబంధార్థక పదం కావాలి: 'దోస్ మియ్యోనెస్ దె పెసోస్'. 'రెండు కోట్ల రూపాయలు' అన్నప్పుడు కోట్లకు 'కోట్ల' రూపం ఎందుకు వస్తుందో ఎరిగినవారికి ఈ 'దె' కూడా అర్థమవుతుంది. రాతలో మరో జాగ్రత్త అవసరం. స్పెయిన్‌లో దశాంశానికి కామా పెట్టడం, వేలను చుక్కతో వేరు చేయడం సంప్రదాయం. మెక్సికోలో దీనికి తలకిందులు. 1.500 అనే అంకె మాద్రిద్ బిల్లులో పదిహేను వందలు, మెక్సికో నగరంలో ఒకటిన్నర. అకాడమీ 2010 నాటి వర్ణక్రమ గ్రంథంలో దశాంశానికి రెండు గుర్తులనూ అంగీకరించి, ఏకరూపత కోసం చుక్కను సిఫారసు చేసింది. అదే గ్రంథం మరో పాత ఆచారానికి ముగింపు పలికింది: 'లేదా' అనే అర్థమిచ్చే ఒంటి అక్షరం ఓ, రెండు అంకెల నడుమ సున్నగా పొరబడే ప్రమాదం ఉందని దాని నెత్తిన ఊనిక గుర్తు పెట్టేవారు, అచ్చులో ఆ భయం లేదని దాన్ని తీసేశారు.

ఆ సున్న, దానితో పాటు తక్కిన అంకెలు, స్పెయిన్ మీదుగా ఐరోపాలో ప్రవేశించిన వైనం భారతీయులకు ప్రత్యేకంగా తెలియవలసినది. ఉత్తర స్పెయిన్‌లోని లా రియోహా ప్రాంతంలో, లోగ్రోన్యో పట్టణానికి దగ్గరలో ఉన్న అల్బెల్దా మఠంలో విహీలా అనే సన్యాసి 976లో ముగించిన ఒక బృహద్గ్రంథంలో తొమ్మిది అంకెలు వరుసగా, తొమ్మిది నుంచి ఒకటి వరకు, రాసి ఉన్నాయి. ఐరోపా క్రైస్తవ గ్రంథాలలో ఈ అంకెలు కనిపించే తొలి చోటు ఇదేనని పండితులు గుర్తించారు. ఆ అంకెల పక్కనే లాటిన్‌లో ఉన్న చిన్న వ్యాఖ్యలో భారతీయుల సూక్ష్మబుద్ధిని, గణితం మొదలైన విద్యలలో వారి ఆధిక్యాన్ని పొగిడిన భాగం ఉంది. సున్న మాత్రం అక్కడ లేదు. అప్పటికి స్పెయిన్‌లో పెద్ద భాగం అరబ్బీ పాలనలో ఉండేది. బాగ్దాదు నుంచి వచ్చిన విద్య అక్కడి నుంచే ఉత్తరానికి పాకింది. భారతీయ గణితం మీద బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పన్నెండో శతాబ్దంలో లాటిన్‌లోకి వచ్చింది. ఆయన పేరే అరిగి స్పానిష్‌లో అంకె అనే అర్థంలో 'గ్వరీస్మో'గా నిలిచింది.

సున్న ప్రయాణం ఇంకా చిత్రమైనది. సంస్కృత శూన్యాన్ని అరబ్బీవారు అర్థానువాదం చేసి 'సిఫ్ర్', ఖాళీ, అన్నారు. ఆ సిఫ్ర్ లాటిన్, ఇటాలియన్‌ల మీదుగా స్పానిష్‌కు 'సేరో'గా చేరింది. అదే మాట మరో దారిన 'సీఫ్రా'గా చేరి అంకె అనే అర్థంలో స్థిరపడింది. తెలుగు 'సున్న' శూన్యానికి తద్భవం. ఒకే పూర్వికుని నుంచి తెలుగు ధ్వనిని నిలుపుకుంది, స్పానిష్ అర్థాన్ని నిలుపుకుంది. ఇలాంటి మరో బంధువు మార్కెట్ యార్డులో దొరుకుతుంది. మిర్చి, పత్తి రైతులు రోజూ అనే క్వింటాల్, స్పానిష్ 'కింతాల్' రెండూ అరబ్బీ 'ఖింతార్' నుంచి వచ్చినవి; అరబ్బీవారు దానిని నూరు అనే అర్థం గల లాటిన్ మాట నుంచి తీసుకున్నారు. కాస్తీయా రాజ్యపు పాత కొలతలో కింతాల్ అంటే నూరు పౌన్లు. అందులో నాలుగో వంతు 'అరోబా', అరబ్బీలో పావు అని అర్థం, బరువు పదకొండున్నర కిలోలు. ఈమెయిల్ చిరునామాలలో వాడే గుర్తును స్పానిష్‌వారు నేటికీ అరోబా అనే పిలుస్తారు. ఈ లెక్కల విద్య స్పానిష్‌వారితో సముద్రం దాటింది. అమెరికా ఖండంలో అచ్చయిన తొలి గణిత గ్రంథం, వెండి బంగారాల విలువ కట్టే పట్టికలతో హువాన్ దియెస్ రూపొందించినది, 1556లో మెక్సికో నగరంలో వెలువడింది.

గడియారం చూసి సమయం చెప్పడంలో తెలుగు, స్పానిష్ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మూడుంబావు 'త్రేస్ ఇ క్వార్తో', మూడున్నర 'త్రేస్ ఇ మేదియా', నాలుగింటికి పావు తక్కువ 'క్వాత్రో మేనోస్ క్వార్తో'. 'మూడున్నర'లో నకారంగా మిగిలినది 'రాముడును సీతయును' అన్నచోట కనిపించే సముచ్చయ ప్రత్యయమే. అంటే మూడున్నర అక్షరాలా 'మూడును అరయును', స్పానిష్ 'ఇ' చేసే పని అదే. ఒంటిగంటకు తెలుగులో ఏకవచనం, రెండు నుంచి 'గంటలు' అనే బహువచనం; స్పానిష్‌లోనూ ఒంటిగంటకు 'ఎస్ లా ఊనా' అని ఏకవచన క్రియ, రెండు నుంచి 'సోన్ లాస్ దోస్' అని బహువచన క్రియ. రెండు వారాలకు స్పానిష్‌వారు 'కిన్సే దీయాస్', పదిహేను రోజులు, అంటారు. తెలుగువారి పక్షమూ అంతే. మెక్సికోలో నెలకు రెండుసార్లు వచ్చే జీతానికి 'కిన్సేనా' అని పేరు.

సంవత్సరాల సంగతి వేరు. 1947ను తెలుగులో 'పంతొమ్మిది వందల నలభై ఏడు' అంటారు. స్పానిష్ ఈ పద్ధతిని ఒప్పుకోదు, వెయ్యితోనే మొదలుపెట్టి 'మీల్ నోబెస్యేంతోస్ క్వారెంతా ఇ స్యేతే' అని పూర్తిగా చదవాలి. ఫోన్ నంబర్లను తెలుగువారు ఒక్కో అంకెగా చదువుతుండగా, స్పానిష్‌వారు తరచుగా రెండేసి అంకెలను కలిపి పదుల సంఖ్యలుగా చెబుతారు; వేగంగా చెప్పినప్పుడు సెసెంతా, సెతెంతాలు, అంటే అరవై, డెబ్బైలు, ఒకదానికొకటి అడ్డుపడి కొత్తవారిని ముంచేది ఇక్కడే. రాజుల వరుస చెప్పడానికి పది వరకు పూరణ సంఖ్యలు, అంటే 'మొదటి, రెండో' వంటివి, వాడి ఆపైన మామూలు అంకెలకు దిగుతారు: పదో అల్ఫోన్సో 'దేసిమో', పదమూడో అల్ఫోన్సో వట్టి 'త్రేసే'. మంగళవారంతో కలిసి వచ్చిన పదమూడో తేదీని స్పానిష్‌వారు అపశకునంగా భావిస్తారు. మంగళవారం నాడు కొన్ని పనులు మొదలుపెట్టని తెలుగు ఇళ్లకు అందులో సగం భయం ముందే తెలుసు.

డబ్బు లెక్కలో చలామణీ ఒకటి, నోటి వాడుక మరొకటిగా నడిచే తీరు కూడా రెండు చోట్లా ఉంది. 1868 నుంచి 2002లో యూరో నోట్లు చేతికి వచ్చేవరకు స్పెయిన్ నాణెం పెసేతా. కాని జనం ఐదు పెసేతాలను ఒక 'దూరో'గా కట్టి, నూరు పెసేతాల వస్తువును ఇరవై దూరోలనేవారు; నాణెం మీద రాసి ఉన్నది ఒకటి, అంగట్లో పలికేది మరొకటి. 1957లో దశాంశ నాణేలు వచ్చి అణాలు పోయిన తరువాత కూడా ఇరవై ఐదు పైసలను పావలా అనడం, నిక్కమైన దాన్ని పదహారణాలదని మెచ్చుకోవడం మానని తెలుగువారికి ఆ స్పానిష్ ముసలివాళ్ల లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

అభ్యాసం చూపుతో కాక చెవితో సాగాలి. ఎక్కాలు ఇందుకు పాత పద్ధతే అయినా మంచి పద్ధతి. 'రెండ్రెళ్లు నాలుగు' అన్న లయలోనే 'దోస్ పోర్ దోస్, క్వాత్రో' కూడా నడుస్తుంది. అంతకన్నా గట్టి పరీక్ష ప్రతి డిసెంబరు 22న మాద్రిద్‌లో జరిగే క్రిస్మస్ లాటరీ. 1812లో కాదిస్ నగరంలో మొదలైన ఈ లాటరీని 2012 నుంచి తేయాత్రో రేయాల్ నాటకశాలలో తీస్తున్నారు. పెద్ద పంజరంలో 00000 నుంచి 99999 వరకు లక్ష చెక్క గోళీలు, చిన్న పంజరంలో 1,807 బహుమతి గోళీలు. సాన్ ఇల్దెఫోన్సో పాఠశాల పిల్లల్లో ఒకరు సంఖ్యను, మరొకరు బహుమతిని పాటగా చదువుతారు. 62,471 వచ్చిందనుకుంటే, ఒక గొంతు 'సెసెంతా ఇ దోస్ మీల్ క్వాత్రోస్యేంతోస్ సెతెంతా ఇ ఊనో' అని రాగం తీస్తుంది, రెండో గొంతు 'మీల్ ఎఉరోస్' అని ముక్తాయిస్తుంది. బహుమతుల్లో 1,794 ఈ వేయి యూరోలవే గనుక ఆ ముక్తాయింపు మూడు గంటలకు పైగా సాగుతూనే ఉంటుంది. అరవైకీ డెబ్బైకీ తేడా పట్టుకోవడానికి ఇంతకు మించిన పాఠశాల లేదు, ప్రసారం వినడానికి చీటీ కొననక్కరలేదు. మాద్రిద్‌లో ఉదయం తొమ్మిదింటికి మొదలయ్యే ఆ ప్రసారం భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అందుతుంది. స్పానిష్‌లో, 'లా ఊనా ఇ మేదియా'కు.